నెలలు నిండని శిశువులకు వచ్చే ఆంత్రకోథం

ఈ నెల చెప్పబోయే వ్యాధికి గృహవైద్యం లేదు. ఈ మాట మొదటనే వ్రాస్తున్నాను. వాము, ఇంగువ, వస, సొంఠి మొదలైన వాటి గుణాలు తెలుసుకొనే అలవాటుతో ఈ పుటలు తిరగవేసే గృహిణులు వ్యాసం చివర ఏదో ఒక యోగం ఉంటుందని ఎదురుచూడవచ్చు. ఉండదు. అయినప్పటికీ దీనిని ఇటువంటి పత్రికలోనే వ్రాయవలసి ఉన్నది. ఈ వ్యాధి రాకుండా కాపాడే సాధనాలలో అతి ముఖ్యమైనది తల్లి దగ్గర, ఇంటివారి దగ్గర ఉన్నది. వచ్చిన తరువాత శిశువు ప్రాణం నిలవడానికి కావలసిన విలువైన గంటలను హరించేది కూడా తరచుగా ఇంటి వైద్యమే.

ఆధునిక వైద్యులు దీనిని నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అంటారు. ఆసుపత్రులలో పొడి అక్షరాలతో ఎన్.ఇ.సి. అని వాడుక. ప్రేగు గోడ వాచి, రక్తప్రసారం తగ్గి, అక్కడి ధాతువు చచ్చి కుళ్లిపోవడం దీని స్వరూపం. కుళ్లుటకు సంస్కృతంలో కోథమని పేరు గనుక నా శిష్యులకు పాఠం చెప్పేటప్పుడు ఆంత్రకోథమని చెబుతాను. ఇది నేను సౌకర్యం కొరకు పెట్టుకొన్న పేరు. ప్రాచీన గ్రంథాలలో వెదికితే కనబడదు. చిన్న ప్రేగు చివరి భాగంలోను, పెద్ద ప్రేగు తొలి భాగంలోను ఇది ఎక్కువగా పుడుతుంది. ఒక్కొక్కప్పుడు ప్రేగు అంతటికీ వ్యాపిస్తుంది. కుళ్లిన చోట రంధ్రం పడితే మలినం ఉదరకుహరంలోకి చేరి శరీరమంతా విషపూరితమవుతుంది.

ఇది ప్రధానంగా నెలలు నిండక ముందు పుట్టిన పిల్లల వ్యాధి. గర్భంలో 37 వారాలు పూర్తికాక ముందే పుట్టినవారిని నెలలు నిండనివారుగా లెక్కిస్తారు. మన దేశంలో 2020వ సంవత్సరంలో అటువంటి శిశువులు సుమారు 30 లక్షల మంది పుట్టారని అంచనా. ప్రపంచంలో మరే దేశంలోనూ అంతమంది లేరు. వారందరికీ ఈ భయం సమానంగా ఉండదు. పుట్టుక బరువు ఒకటిన్నర కిలో కంటె తక్కువ ఉన్నవారిలో నూటికి అయిదు నుంచి పదిమందికి ఈ వ్యాధి వస్తుంది. వచ్చినవారిలో నూటికి ఇరవై నుంచి ముప్పైమంది మరణిస్తారు. ఆపరేషన్ దాకా వెళ్లినవారిలో మరణాలు ఇంకా ఎక్కువ. నెలలు నిండి పుట్టినవారికి అరుదు. పుట్టుకలో ప్రాణవాయువు అందక కష్టపడినవారికి, గుండెలో పుట్టుదోషం ఉన్నవారికి మాత్రం రావచ్చు.

ఒక విచిత్రం గమనించండి. ఈ వ్యాధి పుట్టిన నాడే కనబడదు. నెలలు నిండినవారికైతే మొదటి కొద్దిరోజులలోనే వస్తుంది. కాని మరీ ముందుగా పుట్టినవారికి రెండు మూడు వారాలు గడిచిన తరువాత, బిడ్డ తేరుకొంటున్నాడని, బరువు పెరుగుతున్నాడని, ఇక గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకొనే సమయంలో ఆకస్మికంగా వస్తుంది. ఎంత ముందుగా పుడితే అంత ఆలస్యంగా వస్తుంది.

నేను చేసిన పొరపాటు

1989వ సంవత్సరం, శ్రావణమాసం. గురువుగారి ఇంట విద్య పూర్తి చేసుకొని గోదావరి తీరాన ఒక గ్రామంలో వైద్యం ఆరంభించి అప్పటికి నాలుగైదు సంవత్సరాలు. ఒకనాటి సాయంకాలం ఒక వృద్ధురాలు మనుమణ్ణి పాతచీర మడతలలో పెట్టుకొని వచ్చింది. ఎనిమిదో నెల ప్రవేశించగానే పుట్టిన బిడ్డ. పదహారు రోజుల వాడు. పట్నంలోని ఆసుపత్రిలో పది రోజులు ఉంచి, ఖర్చు భరించలేక ఇంటికి తెచ్చుకొన్నారు. తల్లికి పాలు పడలేదని ఆవుపాలలో నీళ్లు కలిపి దూదివత్తితో పోస్తున్నారు. ఉదయం నుంచి పాలు మింగడం లేదు, కడుపు బిగిసింది, ఏడుపు కూడా లేదు అన్నది.

ఏడుపు లేదన్న మాట దగ్గర నేను ఆగవలసింది. ఆగలేదు. కడుపు ఉబ్బరం చూసి వాతప్రకోపం, ఆధ్మానం అనుకొన్నాను. నాభి చుట్టూ ఇంగువ పట్టు వేయించాను. తమలపాకుకు ఆముదం రాసి, వెచ్చచేసి కడుపుమీద వేయమన్నాను. రేపు తీసుకొనిరండి అని పంపివేశాను.

ఆ రాత్రి బిడ్డ ఆకుపచ్చని వాంతి చేసుకొన్నాడు. తెల్లవారుజామున విరేచనంలో నెత్తురు. నేనే వారి వెంట మొదటి బస్సులో పట్నం వెళ్లాను. అక్కడి వైద్యుడు చిన్నవాడు, నా వయసువాడే. ఎక్స్-రే తీయించి వెలుతురుకు పట్టి చూపించాడు. ప్రేగు లోపల ఉండవలసిన గాలి ప్రేగు గోడలోకి చేరి సన్నని బుడగల వరుసలుగా కనబడింది. కాలేయం క్రింద ఉండకూడని చోట గాలి నిలిచి ఉన్నది. ప్రేగుకు రంధ్రం పడిందని దాని అర్థమట. అటువంటి చిత్రాన్ని నేను చూడడం అదే మొదటిసారి. బిడ్డ మరునాడు మధ్యాహ్నం పోయాడు.

తరువాత గురువుగారి దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్లు చెప్పుకొన్నాను. ఆయన నన్ను కోపపడలేదు. "ఇంగువ పట్టు వలన పోలేదురా. పట్టు వేసి ఇంటికి పంపిన ఆ ఒక్క రాత్రి వలన పోయి ఉండవచ్చు" అన్నారు. అప్పటికే ఆయనకు ఎనభై దాటాయి. నెలలు నిండని బిడ్డ పొట్ట ముట్టుకొని మందు ఇవ్వవద్దని, చూడవలసిన వైద్యుడి దగ్గరకు పంపడమే ఆ బిడ్డకు నీవు చేసే చికిత్స అని నా చేత మాట తీసుకొన్నారు. నేటి వరకు తప్పలేదు.

కారణాలు

ఈ వ్యాధికి ఒకే ఒక కారణమంటూ లేదు. మూడు సంగతులు కలిసి వస్తాయి. పక్వం కాని ప్రేగు మొదటిది, అందులో చేరిన సూక్ష్మజీవులు రెండవది, బిడ్డ నోటికి అందిన ఆహారం మూడవది.

గర్భస్థ శిశువు ప్రేగు చివరి మాసాలలోనే బాగా పెరుగుతుంది. ఆహారాన్ని ముందుకు నెట్టే కదలిక, లోపలి పొరను కప్పి కాపాడే జిగురు, జీర్ణరసాలు ఇవన్నీ అప్పుడే పాకానికి వస్తాయి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడింటినీ పొందికగా చేయగల శక్తి సుమారు 34 వారాలకు గాని రాదు. అంతకు ముందే పుట్టినవాడి జఠరాగ్ని ఇంకా నిప్పురవ్వ. దానిమీద బరువైన కట్టె పెడితే ఆరిపోతుంది. ఏమీ పెట్టకుండా ఉంచినా ఆరిపోతుంది. ఈ రెండింటి నడుమ దారి కనుక్కోవడమే శిశువైద్యుని నేర్పు.

ఇక సూక్ష్మజీవులు. బిడ్డ ప్రేగులో మొదట ఎవరు కాపురం పెడతారన్నది చాలా ముఖ్యం. తల్లి శరీరస్పర్శ, తల్లిపాలు లభించిన బిడ్డకు మేలు చేసే జీవులు ముందుగా చేరుతాయి. తల్లికి దూరంగా పెట్టెలో ఉండి, అవసరాన్ని మించి ఎక్కువ రోజులు యాంటీబయాటిక్ మందులు పొందిన బిడ్డ ప్రేగులో ఆసుపత్రి జీవులు స్థిరపడతాయి. పక్వం కాని ప్రేగు వాటిని చూసి అతిగా ఉద్రేకపడుతుంది. ఆ ఉద్రేకమే శోథగా మారి, రక్తనాళాలు ముడుచుకొని, ధాతువు నశిస్తుంది. జఠరంలోని ఆమ్లాన్ని తగ్గించే మందులు వాడిన చిన్న శిశువులలో కూడా ఈ వ్యాధి ఎక్కువగా కనబడింది. పుల్లత్రేన్పులకు పెద్దలు వాడే చుక్కల మందును పిల్లవాడు కక్కుతున్నాడని కొని తెచ్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడవది ఆహారం. మన చేతిలో ఉన్నది ఇదే గనుక కొంత విస్తరించి చెబుతాను.

లండన్ నుంచి వెలువడే లాన్సెట్ అనే వైద్యపత్రికలో 1990లో లూకాస్, కోల్ అనే ఇద్దరు పరిశోధకులు 926 మంది నెలలు నిండని శిశువులను గురించి వ్రాశారు. కేవలం డబ్బాపాల మీద పెరిగినవారికి ఈ వ్యాధి, కేవలం తల్లిపాలు త్రాగినవారికంటె ఆరు నుంచి పది రెట్లు ఎక్కువగా వచ్చింది. డబ్బాపాలతో పాటు తల్లిపాలు కూడా కలిసి పొందినవారితో పోల్చినా మూడు రెట్లు ఎక్కువ. అనగా పూర్తిగా ఇవ్వలేకపోయినా, ఇవ్వగలిగినంత తల్లిపాలు ఇచ్చినా రక్షణ ఉన్నది. అంతకు ముందే, 1974లో, అమెరికాలో శస్త్రవైద్యులు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల మీద పరీక్షించి చూశారు. ఊపిరాడని కష్టానికి గురిచేసినప్పుడు పోతపాలు త్రాగిన పిల్లలకు ప్రేగు కుళ్లింది. తల్లి దగ్గర పాలు త్రాగినవి నిలిచాయి.

పాలను ఎంత వేగంగా పెంచాలన్నదానిమీద చాలాకాలం వాదం నడిచింది. రోజుకు కిలో బరువుకు 18 మిల్లీలీటర్ల చొప్పున పెంచినా, 30 చొప్పున పెంచినా ఈ వ్యాధిలో తేడా రాలేదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష 2019లో తేల్చింది. అయితే ఆ లెక్క వైద్యుడు వేసేది. నర్సు రెండు మిల్లీలీటర్లు మాత్రమే గొట్టంలో పోస్తున్నది, బిడ్డ ఆకలితో మాడుతున్నాడు అని తగవు పడే అమ్మమ్మలను నేను ఎరుగుదును. ఆ బిడ్డ జఠరానికి అంతే పడుతుంది.

మన గ్రంథాల మాట

ఈ వ్యాధి మన సంహితలలో ఎందుకు లేదని ఒక విద్యార్థి అడిగాడు. ఉన్నదని చూపించడానికి ఏదో ఒక శ్లోకాన్ని సాగదీయడం నాకు ఇష్టం లేదు. ఆ కాలంలో ఒక కిలో బరువుతో పుట్టిన శిశువు రెండు మూడు వారాలు బ్రతికి ఉండడమే దుర్లభం. బ్రతికితే గదా ఈ వ్యాధి కనబడడం! ఆధునిక వైద్యంలో కూడా దీని స్పష్టమైన వర్ణనలు 1950, 60 దశాబ్దాలలో, అంటే నెలలు నిండని పిల్లలను బ్రతికించే నేర్పు వచ్చిన తరువాతనే వచ్చాయి.

అయినా గ్రంథాలలో మనకు పనికివచ్చే సంగతులు లేకపోలేదు. ఎనిమిదవ మాసంలో ఓజస్సు తల్లికి, గర్భానికి నడుమ స్థిరం లేక తిరుగుతూ ఉంటుందని, అప్పటి ప్రసవం ప్రమాదకరమని చరకుడు చెప్పాడు. ఏడో నెల బిడ్డ బ్రతుకుతాడు గాని ఎనిమిదో నెల బిడ్డ బ్రతకడని మన ఇళ్లలో అనుకొనే మాట దీనినుంచే పుట్టి ఉంటుంది. ఆసుపత్రి అనుభవం వేరుగా ఉన్నది. గర్భంలో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డ కంటె బాగా నిలుస్తాడు. కాబట్టి ఎనిమిదో నెల అని ఆశ వదులుకొని ఇంటికి తీసుకొనిపోయేవారు పొరపాటు చేస్తున్నారు.

కాశ్యప సంహితలో వేదనాధ్యాయమని ఒక భాగం ఉన్నది. మాటలు రాని శిశువు బాధను వాని చేష్టలను బట్టి ఎట్లా తెలుసుకోవాలో అందులో ఉన్నది. ఇన్ని శతాబ్దాల తరువాత కూడా, శిశువుల వార్డులో యంత్రాల నడుమ ఉన్న అనుభవజ్ఞురాలైన నర్సు "వీడు ఈ రోజు నిన్నటిలా లేడు" అని పట్టుకొనేది ఆ విద్యతోనే.

ఇప్పుడు ఒక ఇబ్బందికరమైన విషయం. పుట్టిన బిడ్డకు జాతకర్మలో తేనె, నెయ్యి నాకించమని మన గ్రంథాలలో ఉన్నది. సుశ్రుతుడు స్త్రీకి మూడవ నాడో నాలుగవ నాడో పాలు ప్రవర్తిస్తాయని చెప్పి, అంతవరకు తేనె, నెయ్యి విధించాడు. నేను ఆ గ్రంథం ముందు కూర్చొని విద్య నేర్చుకొన్నవాణ్ణి. అయినా స్పష్టంగా చెబుతున్నాను: నేడు ఏ నవజాత శిశువుకూ తేనె పెట్టరాదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి విషం వలన శిశువులకు కండరాలు చచ్చుబడే వ్యాధి వస్తుందని నిర్ధారణ అయినది. సంవత్సరం నిండేవరకు తేనె నిషిద్ధం. నెలలు నిండని బిడ్డకు స్వర్ణప్రాశన చుక్కలు కూడా వద్దు. ద్రవ్యం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కానే కాదు. ఆ ప్రేగుకు దానిని అందుకొనే శక్తి ఇంకా రాలేదు. దేశకాలాలను, రోగి బలాన్ని విచారించి చికిత్స చేయమన్నది కూడా ఆ శాస్త్రమే గదా.

పాలు నిండుగా పడేది మూడవ నాడన్న సుశ్రుతుని పరిశీలన మాత్రం సరియైనదే. అంతకు ముందు వచ్చేవి కొద్ది చుక్కలు. పసుపుపచ్చని చిక్కని ముర్రుపాలు. వాటిని చెడుపాలని పిండి పారబోసే ఆచారం మన ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. ఆవు ఈనితే మొదటి రోజుల పాలకు ఇరుగుపొరుగువారు గిన్నెలు పట్టుకొని వస్తారు. బెల్లం, యాలకులు వేసి జున్ను వండుకొంటాము. దూడకు దక్కవలసినది మనం తింటాము. మన బిడ్డకు దక్కవలసినది నేలపాలు చేస్తాము. ముర్రుపాలలో ప్రేగు గోడకు పూతవలె అంటుకొని సూక్ష్మజీవులను ఆపే రక్షకద్రవ్యాలు, ఇనుమును పట్టి ఉంచి చెడు జీవులకు దక్కనీయని లాక్టోఫెర్రిన్, ప్రేగు పొరను పెంచే పదార్థాలు అధికంగా ఉంటాయి. బిడ్డ అరగించుకోలేని కొన్ని చక్కెరలు కూడా తల్లిపాలలో ఉంటాయి. అవి బిడ్డకు కావు. బిడ్డ ప్రేగులోని మంచి జీవులకు మేత. నెలలు నిండక ముందే ప్రసవించిన తల్లి పాలలో ఈ రక్షకద్రవ్యాలు మరింత ఎక్కువగా ఉంటాయి.

నోటి ద్వారా త్రాగలేని బిడ్డకు కూడా ఈ చుక్కలను బుగ్గల లోపల పూస్తారు. కాబట్టి "బిడ్డ పెట్టెలో ఉన్నాడు, పాలు పిండి ఏమి లాభం?" అన్న ప్రశ్నకు తావు లేదు.

ఉగ్గుగిన్నెలో ఏమున్నది?

ఉగ్గుగిన్నె మంచి సాధనం. సీసా కంటె శుభ్రం చేయడం సులభం. మన దేశంలో అనేక ఆసుపత్రులలో చప్పరించలేని చిన్న బిడ్డలకు పిండిన తల్లిపాలు పట్టడానికి దానినే వాడుతున్నారు. దోషం గిన్నెలో లేదు. ఆముదం, వసకొమ్ము అరగదీసిన గంధం, జాజికాయ, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్, పలుచని ఆవుపాలు, ఇవి అందులోకి రావడమే ప్రమాదం. నెలలు నిండని బిడ్డకు వీటిలో ఏ ఒక్కటీ, ఒక్క చుక్క కూడా వద్దు. గంధపు సాన మీద అరగదీసినది ఏదీ శుభ్రమైనది కాదన్న సంగతి కూడా ఆలోచించండి.

పాలను చిక్కబరచే పొడులు సైతం మంచివి కావు. 2011లో అమెరికాలో అటువంటి ఒక పదార్థాన్ని పాలలో కలిపి ఇచ్చిన నెలలు నిండని శిశువులకు ఈ వ్యాధి రావడంతో ఆహార ఔషధ నియంత్రణ సంస్థ దానిని వాడవద్దని హెచ్చరించింది.

పెరుగునీళ్లు ఇవ్వవచ్చునా అని కొందరు అడుగుతారు. వారు పత్రికలలో మంచి జీవుల మందులను గురించి చదివి ఉంటారు. ఒడిశా గ్రామాలలో సుమారు 4,500 మంది నవజాత శిశువులకు ఒక రకం లాక్టోబాసిల్లస్ జీవులను, వాటి మేత అయిన చక్కెరతో కలిపి ఇచ్చి చూడగా రక్తం విషపూరితం కావడం, మరణం కలిసి నూటికి నలభై వంతులు తగ్గాయని 2017లో వెల్లడి అయినది. గొప్ప విషయమే. కాని వారు రెండు కిలోలకు పైబడిన బిడ్డలు. మరీ చిన్న బిడ్డలలో ఈ వ్యాధిని తగ్గించడానికి అటువంటి మందులను కొన్ని ఆసుపత్రులు వాడుతున్నాయి. కొన్ని వాడడం లేదు. మందులోని జీవియే ఒక శిశువు రక్తంలోకి చేరి మరణం సంభవించడంతో 2023లో అమెరికా సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ప్రయోగశాలలో తూచి తయారుచేసిన దానికే ఇన్ని జాగ్రత్తలు ఉండగా ఇంటి పెరుగును గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

గుర్తులు

పాలు ఇముడకపోవడం, కడుపు ఉబ్బి బిగియడం, ఆకుపచ్చని లేక పసుపుపచ్చని పైత్యపు వాంతి, విరేచనంలో నెత్తురు లేక నెత్తురు జిగురు, పొట్టమీది చర్మం ఎర్రబారడం లేక నీలిరంగుకు తిరగడం ముఖ్య లక్షణాలు. వీటికంటె ముందు వచ్చేవి అస్పష్టంగా ఉంటాయి. బిడ్డ మందకొడిగా పడి ఉంటాడు. ఒళ్లు చల్లబడుతుంది. ఊపిరి మధ్యమధ్య ఆగి మళ్లీ వస్తుంది. ఏడవడు.

కడుపునొప్పి వచ్చిన సాధారణ శిశువు మోకాళ్లు ముడుచుకొని గట్టిగా ఏడుస్తాడు, కొంతసేపటికి శాంతించి పాలు త్రాగుతాడు. ఉబ్బిన పొట్టతో నిశ్శబ్దంగా ఉన్న బిడ్డ వేరు. ఆ నిశ్శబ్దాన్ని చూసి నిద్రపోతున్నాడనుకోవద్దు. నవజాత శిశువు ఎవరైనా సరే, నెలలు నిండినవాడైనా సరే, ఆకుపచ్చని వాంతి చేసుకొంటే అది ప్రేగు మెలిపడిన గుర్తు కూడా కావచ్చు. ఆ పూటే, ఆ గంటే ఆసుపత్రికి తీసుకొనిపోవలసినదే. దారిలో నోటికి ఏమీ ఇవ్వకండి. బిడ్డను తల్లి రొమ్ముల నడుమ ఒంటికి ఆనించి, పైన గుడ్డ కప్పి, వెచ్చగా తీసుకొనివెళ్లండి.

ఆసుపత్రిలో

మొదట పాలు పూర్తిగా ఆపుతారు. ముక్కు లేక నోటి గుండా సన్నని గొట్టం జఠరంలోకి వేసి గాలిని, పైత్యాన్ని బయటికి తీస్తారు. రక్తనాళం ద్వారా ద్రవాలు, పోషకాలు, యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. కొద్ది గంటలకొకసారి పొట్ట కొలుస్తారు, ఎక్స్-రే తీస్తారు. బెల్ అనే శస్త్రవైద్యుడు 1978లో ఏర్పరచిన మూడు దశల విభాగం ప్రకారం వ్యాధి తీవ్రతను నిర్ణయిస్తారు. అనుమానం మాత్రమే ఉన్నది మొదటి దశ, ఎక్స్-రేలో ప్రేగు గోడలో గాలి కనబడినది రెండవది, బిడ్డ స్థితి విషమించి ప్రేగుకు రంధ్రం పడే వరకు పోయినది మూడవది. మొదటి రెండు దశలలో ఉన్నవారిలో అనేకులు ఆపరేషన్ లేకుండానే కోలుకొంటారు. "వారం రోజుల నుంచి బిడ్డకు చుక్క పాలు లేవు" అని బంధువులు ఆందోళన పడతారు. ప్రేగుకు ఇచ్చిన ఆ విశ్రాంతియే అక్కడి చికిత్స. మన లంఘనం వంటిదే. అయితే మన లంఘనంలో శరీరం దాచుకొన్న బలం మీద నడుస్తుంది. ఆ చిన్న బిడ్డకు దాచుకొన్న బలం లేదు గనుక పోషణను రక్తంలోకి అందిస్తారు.

రంధ్రం పడితే కుళ్లిన భాగాన్ని కోసి తీసివేసి, ఆరోగ్యంగా ఉన్న ప్రేగు కొసను కొంతకాలం పొట్ట మీదకు తెరిచి ఉంచుతారు. కొన్ని వారాలకో నెలలకో తిరిగి కలుపుతారు. మరీ బలహీనులైన బిడ్డలకు ముందుగా పొట్టలో చిన్న గొట్టం ఉంచి మలినాన్ని బయటికి పోనిస్తారు. ఎక్కువ ప్రేగు పోయినవారికి ఆహారం ఒంటపట్టక దీర్ఘకాలం కష్టం ఉంటుంది. వారిని శిశువైద్యుని పర్యవేక్షణలోనే పెంచాలి.

ప్రసవానికి ముందు జరిగే ఒక సహాయం కూడా తెలుసుకోండి. నెలలు నిండక ముందే నొప్పులు వచ్చిన తల్లికి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ అనే వైద్యులు దీని ప్రయోజనాన్ని చూపించారు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయి. ఆంత్రకోథం కూడా తగ్గుతుంది. స్టెరాయిడ్ అన్న పేరు వినగానే భయపడి వద్దనే ఇంటి పెద్దలకు నేను చెప్పేది ఒక్కటే. ఏళ్ల తరబడి మ్రింగే మాత్రలు వేరు, ఒకటి రెండు రోజుల ఈ ఇంజెక్షన్ వేరు.

తల్లికి పాలు

బిడ్డ తన దగ్గర లేని తల్లికి పాలు నిలవడం కష్టం. బిడ్డను చూడడం, తాకడం, తలచుకోవడం వలన స్తన్యం ప్రవర్తిస్తుందని సుశ్రుతుడు చెప్పాడు. కోపం, శోకం, బిడ్డపై వాత్సల్యం లేకపోవడం వలన తగ్గుతుందని కూడా చెప్పాడు. 1970 దశాబ్దం చివర కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో పెట్టెలు చాలక, బిడ్డలను తల్లుల రొమ్ములకు ఆనించి పెంచే పద్ధతి మొదలైనది. దానినే కంగారూ పద్ధతి అంటున్నారు. పుట్టిన వెంటనే ఈ పద్ధతి ఆరంభిస్తే, ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు శిశువులలో మరణాలు నూటికి ఇరవైఅయిదు వంతులు తగ్గాయని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన పరీక్షలో తేలింది. మన దేశపు ఆసుపత్రి కూడా అందులో ఉన్నది. పుట్టింటివారు, అత్తింటివారు కలిసి చేయవలసిన పని ఇక్కడ ఉన్నది. బాలింతను చీకటి గదిలో పడుకోబెట్టి, బిడ్డను వేరొకరు చూసుకొనే ఏర్పాటు చేయకండి. ఆమెను బిడ్డ దగ్గరకు తీసుకొనివెళ్లండి.

ప్రసవమైన మొదటి గంటలలోనే చేతితో పాలు పిండడం మొదలుపెట్టాలి. రాత్రి కూడా కలిపి రోజుకు ఎనిమిది సార్లకు తక్కువ కారాదు. మొదటి రెండు రోజులు అర చెంచా వస్తే చాలు, దిగులు పడవద్దు. చేతులు సబ్బుతో కడిగి, మరిగే నీటిలో ఉడికించిన స్టీలు గిన్నెలో పట్టాలి. మన ఎండలలో బయట నాలుగు గంటలకు మించి ఉంచరాదు. ఫ్రిజ్‌లో ఒక రోజు నిలుస్తాయి. నేరుగా పొయ్యిమీద కాచవద్దు. గిన్నెను వేడినీటిలో నిలిపి నులివెచ్చ చేయాలి.

బాలింతకు పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మాత్రమే పెట్టి, దాహానికి నీళ్లు కూడా కొలిచి పోసే ఇళ్లలో పాలు ఎక్కడి నుంచి వస్తాయి? పెసరపప్పు, నెయ్యి, మునగాకు, బీర, సొర, వెల్లుల్లి, నువ్వులు, మెంతులు, దాహం తీరేటంత నీరు, పాలు ఇవ్వండి. పిల్లిపీచర గడ్డ చూర్ణం పావు తులం పాలలో కలిపి తల్లికి ఇవ్వడం మన సంప్రదాయంలో ఉన్నది. మధుమేహం, రక్తపోటు మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడిగి వాడుకోవాలి. ఇవన్నీ తల్లికి, బిడ్డకు కాదు. వీటన్నిటి కంటె పాలను పెంచేది తరచుగా పిండడమే.

తల్లికి ఎంత ప్రయత్నించినా పాలు చాలకపోతే డబ్బా తెరవడానికి ముందు మరొక దారి ఉన్నదేమో అడగండి. చరకుడు ధాత్రిని, అనగా పాలిచ్చే దాదిని, పరీక్షించి నియమించమన్నాడు. నేడు మరొక స్త్రీ పాలను నేరుగా ఇప్పించడం తగదు. పాల ద్వారా సంక్రమించే వ్యాధులు ఉన్నాయి. దానికి బదులు పాలనిధులు వచ్చాయి. ఆరోగ్యవతులైన దాతలను రక్తపరీక్ష చేసి ఎంపిక చేసి, పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, శుద్ధి చేసి నిలవ చేస్తారు. ఆసియాలో మొదటి పాలనిధి 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ స్థాపించారు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో వచ్చిన పాలనిధికి ధాత్రి అనే పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. శుద్ధి చేయడంలో కొంత రక్షణశక్తి తగ్గుతుంది గనుక సొంత తల్లి పాలే మొదటివి, నిధిలోని పాలు రెండవవి, డబ్బా ఆ తరువాతది. నెలలు నిండి పుట్టి, తల్లికి పాలు సమృద్ధిగా ఉన్న ఇళ్లవారు ఇటువంటి నిధికి పాలు ఇవ్వడం గురించి ఆలోచించవచ్చు.

ఇంటికి వచ్చిన తరువాత

ఆంత్రకోథం తగ్గి ఇంటికి చేరిన బిడ్డ ప్రేగులో మానిన చోట మచ్చ కట్టి దారి ఇరుకు కావచ్చు. ఇది కొన్ని వారాల తరువాత, ఒక్కొక్కప్పుడు రెండు నెలలకు కూడా బయటపడుతుంది. పొట్ట మళ్లీ ఉబ్బుతుంది, విరేచనం కాదు, వాంతులవుతాయి. ఇంట్లో అందరూ మలబద్ధకమనుకొని ఆముదం గిన్నె తీసేది ఈ సమయంలోనే. ఇరుకైన దారిలో విరేచనకారి ఎంత హాని చేస్తుందో ఊహించండి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితాలను పెట్టెలో అడుగున పెట్టక, చేతికి అందేచోట ఉంచుకోండి. ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా, ఆయుర్వేద వైద్యుడైనా సరే, ముందు ఆ కాగితాలు చూపించి తరువాత బిడ్డను చూపించండి. 1989లో ఆ వృద్ధురాలి దగ్గర అటువంటి కాగితం ఒకటి ఉన్నది. చీర మడతలలో బిడ్డతో పాటే తెచ్చింది. నేను అడగలేదు.